ఖాళీ గడులు

దేవరకొండ రోడ్డు మీద ఎర్రకోటు తొడుక్కొని
పెండ్లికొడుకు గుర్రం ఎనక నడుసుకుంట
నేర్చుకున్న నేను క్లారినెట్.
పీక తడపనీకె నాలిక, రంధ్రాలు మూయనీకె తొమ్మిది వేళ్లు,
బరువు మొయ్యనీకె మిగిలిన బొటనేలు.
అంతే సదువు.

"ఆగద్దురా" అనేటోడు ఏసోబు మాస్టరు,
"బరాత్‌ల ఆగినోనికి పైసలియ్యరు."
జాయింటు కాడ బెండు అరిగితే
నూలుదారం చుట్టి కొవ్వొత్తి మైనం రాసేటోడు.
నా పండ్ల మీది పసుపు చారలు జూసి
"మన బోరునీళ్లు ముందే సంతకం పెట్టినయ్ పో" అని నవ్వేటోడు.
నవ్వితే ఆయన పండ్ల మీద గదే సంతకం.

పట్నంల ఆర్కెస్ట్రా. మొదటి దినం
"కండక్టర్ వస్తున్నారు, లేవండి" అన్నరు.
నేను జేబుల చిల్లర తడుముకున్న.
పొద్దుగాల దేవరకొండ బస్సుల చింపిచ్చిన టికెట్
ఇంకా నా వేళ్ల నడుమనే ఉన్నది.
ఎవ్వరు నవ్వలే.
నవ్వినా బాగుండు.

కాగితం సదవనీకె మూడేండ్లు పట్టింది.
నాది బి ఫ్లాట్ వాయిద్యమంట:
రాసుండేదొక సరం, పలికేదింకొకటి.
గిది మాత్రం ఎవరు జెప్పకముందే నాకొచ్చు.
ఇంట్ల ఒక తెలుగు, బడిల ఒక తెలుగు,
నోరు దెరిచిన కాడికెళ్లి
నేను బి ఫ్లాట్‌లనే బతుకుతున్న.

అసలు కష్టం వేరే ఉండె.
నలభై మూడు గడులు ఖాళీ.
చుట్టూత వయొలిన్లు వరినాట్ల తీరుగ వొంగి లేస్తుంటయి,
నేను క్లారినెట్‌ను ఒడిల పండవెట్టుకొని
ఒకటి రెండు మూడు నాలుగు
రెండు రెండు మూడు నాలుగు
మూడు రెండు మూడు నాలుగు.
ఒక్క గడి తప్పినా
నలభై మంది నడుమ బట్టల్లేకుంట నిలవడ్డట్టే.
నిద్రల గూడ లెక్కవెడ్తుంటే
సైదమ్మ కాలితోని పొడిసేది,
"ఎవరికిచ్చినవయ్యా అప్పు?"

వాయించనందుకు గూడ జీతమిస్తరని
మా అమ్మ సచ్చేదాక నమ్మలే.

ఇరవై రెండేండ్లు గట్లనే.
ముందు కుర్చీల ఆయన పానం బాగలేక మంచాన పడ్డ ఏడు
నన్ను లేపి ముందట నిలవెట్టిండ్రు.
కరపత్రం మీద పి. లింగస్వామి, క్లారినెట్.
ఫొటో తీసెటోడు నోరు మూసుకొని నవ్వమన్నడు.
మూసుకున్న.
పదకొండు కచేరీలు, మూడు ఊర్లు:
నా ఒంటి పాట గంతనే.
ఎనకకెళ్లి అందరు ఆగి
నా ఒక్కని ఊపిరి కోసం చూస్తున్నరని తెలిసినప్పుడు
భయమైంది, నిజం జెప్తున్న.
బరాత్‌ల ఎవరు ఎవని కోసం చూడరు గద.

తర్వాత కుడిచెయ్యి ఉంగరపేలు వంగుడు బందైంది.
డాక్టరు ఎక్స్‌రే దీపం మీద పెట్టి
"మీ ఊరి నీళ్లే" అన్నడు.
రెండో సంతకం.

మొన్న ఏసోబు మాస్టరు పోయిండు.
పాతోళ్లం నలుగురం, నా దిక్కు ఎనిమిదే వేళ్లు,
బిక్షం డప్పు, ఎవరిదో పిల్లగాని ట్రంపెట్.
సమాధుల తోట దాక నడిసినం.
వాయించుకుంట వాయించుకుంట
మట్టిబాట మలుపు కాడ నేను ఆగిన.
క్లారినెట్ దింపి కిందికి వంచితే
లోపల సల్లబడ్డ ఊపిరి
రెండు బొట్లయి దుమ్ముల పడ్డది.

బిక్షం మోచేతితోని పొడిసిండు:
"ఏంది, దమ్మొస్తలేదా?"
"లే."
"మరేంది? మాస్టరు ఆగద్దనేటోడు గద?"

"గాయన వంతు ఖాళీ వచ్చింది.
లెక్కవెడ్తున్న.
నువ్వు కొట్టు."