ఇంకో రెండు కార్లు

ఫిబ్రవరి. తార్తు ఊళ్ళో నది గడ్డకట్టింది.
మూడో అంతస్తు ల్యాబులో కంప్యూటర్లన్నీ ఆపించి
హెల్వే మేడం సంచీలోంచి ఉండ తీసింది,
మనవడి చేతిజోళ్ళు అల్లగా మిగిలిన ఎర్ర ఉన్ని.
"ఇవాళ మీరే ఆబ్జెక్టులు" అంది.

తావి టికెట్టు. లీస్ ప్రయాణికురాలు.
కిటికీ పక్కన ఆవలిస్తున్న ఉకు వాతావరణం.
నేను ఫెర్రీని. డిజైను నాదే కదా మరి.
ఎవరికి ఎవరితో పనిపడితే
వాళ్ళ చేతికి దారం అందించాలి, అంతే ఆట.

టికెట్టు ధరెంత? నన్నడిగారు.
గాలి వేగం? నన్నే.
కారు పొడవు, కెప్టెన్ సెలవులు,
క్యాంటీన్లో కాఫీ అయిపోయిన సంగతి
అన్నిటికీ నేనే.
రాత్రి రెండింటిదాకా మేలుకుని రాసిన తొమ్మిదివందల లైన్లు
ఇప్పుడు నా మోచేతులకి, మెడకి,
ఆఖరికి స్వెట్టరు గుండీకి కూడా.
ఇల్లలుకుతూ పేరు మరిచిన ఈగని
ఉన్నితో చుట్టి నిలబెట్టినట్టున్నాను.
"కదులు" అంది మేడం. "రేవు వదిలి బయల్దేరు."
కదిలాను.
క్లాసంతా నా వెంట ఒరిగింది.
ఉకు కుర్చీలోంచి పడ్డాడు.

నవ్వులు తగ్గాక అడిగింది:
"మీ దీవికి వెళ్ళే ఓడకి నిజంగా ఏం తెలుసు?"

ఎండెల్ మావయ్య గుర్తొచ్చాడు.
ముప్ఫై ఏళ్ళు హియుమా ఓడ డెక్కు మీద
నారింజరంగు కోటులో నిలబడ్డ మనిషి.
ఎవరి టికెట్టూ చూడలేదు, ఎక్కడికని అడగలేదు.
రెండు వేళ్ళు పైకెత్తితే ఇంకో రెండు కార్లు.
పిడికిలి మూస్తే చాలని.
లోపల ఎంత చోటుందో, లారీ పక్కన ఏది ఇరికిస్తాడో
రేవులో ఎవరికీ తెలీదు. తెలియక్కర్లేదు.
ఆ వేళ్ళు చాలు.

నేనిది చెబుతూండగానే కత్తెర చప్పుడు.
ఒక్కో దారం తెగి నేలమీద పడుతుంటే
చేతుల్లోకి రక్తం తిరిగొచ్చినట్టయింది.
రెండే మిగిలాయి.

సాయంత్రం కొత్త ఫైలు. పైన ఒక్కటే మాట: దాటించు.
ఫెర్రీ దానికి ఇంజనుతో జవాబిస్తుంది.
సముద్రం గట్టిపడ్డ ఏడాది
మంచుదారి కూడా ఆ మాటే వింటుంది.
దానిమీద బెల్టులు విప్పేసుకుని
ఆగకుండా, తొందరపడకుండా పోవాలి.
అడిగినవాడికి ఆ గొడవంతా దేనికి,
అవతలి ఒడ్డు కావాలి గానీ.

టెస్టులు పదకొండు. తొమ్మిది పచ్చగా వెలిగాయి.
రెండు మాత్రం ఉన్ని రంగులోనే ఉన్నాయి.
తప్పు వాతావరణంలో ఉందని
ఉకుకి ఫోన్ చేశాను. నిద్రపోతున్నాడు.
గుండీకి ఇంకా ఓ పోగు వేలాడుతోంది.