పాటు వేళ

మా డిపార్ట్‌మెంట్ వరండాలో తొమ్మిది ఫొటోలు.
తొమ్మిదింటికీ టై ఉంది. ఒకాయనకి మీసం లేదు,
అదొక్కటే తేడా.
పదో మేకు ఖాళీ.
దానికి స్వీపరు చంద్రకాంతం
తన గొడుగు తగిలిస్తుంది.

క్లాసులో ముప్పై ఒక్కమందిమి.
ఇరవై మూడు జడలని మగపిల్లలు లెక్కపెట్టారు,
మేం పెట్టుకోలేదు.
ఫస్టు మార్కులు మావే, రికార్డు బొమ్మలు మావే,
రొయ్య కాలు పెన్సిల్‌తో గీస్తే
కాగితం మీద కదులుతుందేమో అన్నట్టు గీసేది మేమే.
"పీహెచ్‌డీ ఎవరు చేస్తారు?" అని సారు అడిగిన రోజు
నాలుగు చేతులు లేచాయి,
నాలుగింటికీ పెద్ద గడియారాలు.
నా చెయ్యి సగం లేచింది.
సగంలో ఏం చెయ్యాలో తెలీక
క్లిప్పు సర్దుకుంది.

ఎందుకు దించావని ఎవరూ అడగలేదు.
అడిగితే చెప్పడానికి నా దగ్గర కారణం లేదు,
ఫొటోలున్నాయి.

పేరిందేవి మేడమ్ గురించి చెప్పాలి.
పద్నాలుగేళ్ళుగా కాంట్రాక్టు.
ఏప్రిల్ ఆఖర్న ఉద్యోగం పోతుంది, జూన్‌లో మళ్ళీ వస్తుంది
కాలవకి నీళ్ళొదిలినట్టు.
అలవాటులో ఆవిణ్ణి కూడా "సార్" అంటాం.
ఆవిడ పలుకుతారు.
ఎండ్రకాయల మీద ఆవిడ లెక్కలు
నల్ల అట్ట పుస్తకాలు ఆరు.
అచ్చయిన వ్యాసంలో ఆవిడ పేరు
ఆఖరి పేజీలో, కృతజ్ఞతల్లో,
పడవ నడిపినాయన పేరు తర్వాత.
"అప్పుడు పాప చిన్నది లేమ్మా" అన్నారు
లెన్సు తుడుస్తూ.
పాప ఇప్పుడు ఇంటరు.

ఆ మాట విన్న వారానికే ఝాన్సీ బీఈడీ ఫారం కొంది.
పద్మలీల బ్యాంకు కోచింగులో చేరింది.
ఎవరూ ఏడవలేదు, ఎవరూ ఎవర్నీ తిట్టలేదు.
చెరువులో ఆక్సిజన్ తగ్గినప్పుడు
రొయ్యలు కూడా అరవవు,
తేలి ఒడ్డుకి చేరతాయి.

జనవరిలో కోరంగి మడకి ఫీల్డుకి వెళ్ళాం.
"బురద లోతుగా ఉంది, అమ్మాయిలు గట్టునే ఉండండి,
మీరు లేబుళ్ళు రాయండి" అన్నారు సారు.
మంచి మనిషే. మా కోసమే అన్నారు.
నేను లేబుళ్ళు రాశాను.
పాయకి అవతల
నడుముకి సంచులు కట్టుకుని
పదిమంది ఆడవాళ్ళు బురదలో వంగి ఉన్నారు,
గుల్లలు ఏరుతూ.
ఎడం పక్క నుంచి మూడో ఆవిడ మా అమ్మ.
ఎవరికీ చెప్పలేదు.
సీసా మీద తేదీ తప్పు రాసి
కొట్టేసి
మళ్ళీ రాశాను.

మార్చిలో ఒక ఆదివారం మేడమ్‌ని మా ఊరు రమ్మన్నాను.
వస్తారనుకోలేదు. ఆరున్నర బస్సుకే దిగారు.
పాటు వేళకి ముగ్గురం మడలోకి వెళ్ళాం.
రెండో అడుగుకే మేడమ్ చెప్పుని బురద మింగింది.
అమ్మ నవ్వింది:
"మడమ కాదమ్మా, ముందు వేళ్ళు దించు.
కాలు పీక్కోకు, అదే వదుల్తాది."
ఆ మాట రాసుకోమన్నారు మేడమ్. రాశాను.
"ఇది అనదారా" అన్నారు, గుల్లని తిప్పి చూసి.
"బుడిత" అంది అమ్మ.
ఏ నెలలో ఎక్కడ దొరకదో,
ఏ తుఫాను తర్వాత పిల్లగుల్ల పల్చబడిందో,
ఏ చెరువు నీళ్ళు వదిలితే రెండ్రోజులకి వాసనేస్తుందో
చెప్పుకుంటూ పోయింది, చెయ్యి ఆపకుండా.
మేడమే మధ్యలో ఆపారు:
"ఇదంతా రాస్తే ముందు ఎవరి పేరు పెడదాం?"
అమ్మకి ప్రశ్న అర్థం కాలేదు.
నాకూ వెంటనే కాలేదు.
ఈలోగా పోటు తిరిగింది,
నీళ్ళు మోకాళ్ళ కొచ్చాయి.

సోమవారం హాజరు.
"మల్లాడి నూకరత్నం" అన్నారు, "ఎస్ సార్" అన్నాను.
గోళ్ళ కింద నల్లగా బురద ఇంకా ఉంది.
చంద్రకాంతం ఆవేళ రాలేదు.
క్లాసయ్యాక వరండాలో ఎవరూ లేనప్పుడు
ఆ పదో మేకుని పట్టుకుని లాగి చూశాను.
గట్టిగానే ఉంది.