అద్దం వద్దన్న బొమ్మ

నయీంనగర్ నాలా పక్కన మా ఫ్రేముల దుకాణం.
దేవుండ్లకు అద్దం, చచ్చిపోయినోళ్లకు అద్దం,
ఫస్టు క్లాసుల పాసైన పోరగాండ్ల సర్టిఫికెట్లకు అద్దం.
జకరయ్య సారొక్కడే
గోనెసంచిల చుట్టి తెచ్చిన బొమ్మను బల్ల మీద పరిచి
"దీనికి అద్దం వద్దు" అన్నడు.
"నూనె రంగులు. ఊపిరాడాలె."

పాత దవాఖాన సామాను వేలంల
ఇనుప మంచం కొంటే దాని కింద దొరికిందట.
ఏ దేశందో తెలువదు. మూలకు గీసిన పేరు
ఎండ్రికాయ నడిచిపోయినట్టున్నది.

టేపు పెట్టి కొలిచిన.
ఇరవై నాలుగు, పద్దెనిమిది.
ఆ కొలతల లోపల
తెల్ల రుమాళ్లు కట్టిన ఆడోళ్లు ఐదుగురు
పండ్లున్న పొడుగు కట్టెలతోటి గడ్డి గుంజుతున్నరు.
ఎనుక ఏరు. ఏటి పొంట తెల్ల బెరడు చెట్లు.
మబ్బు నిండ పగుళ్లు, ఎండకాలం నల్లరేగడి లెక్క,
అయినా తడిగనే ఉన్నది.

మా అవ్వ ఓదెమ్మ సద్ది డబ్బా తెచ్చి
బొమ్మను చూసి చెప్పులిడిచింది.
దేవుని బొమ్మ అనుకున్నదో ఏమో.
పరకాల పత్తి చేన్లల్ల నలభై ఏండ్లు వంగిన నడుము
ఇంకో నడుమును గుర్తువట్టింది.
"ఆ ఎర్ర రైకామె కడుపుతోటున్నది.
చూడు, కట్టె ఎట్ల పట్టుకున్నదో, పొట్టకు తగులకుంట."
పొద్దుగాల్నుంచి కొలుస్తున్న నాకు
అది కనవడలే.

"వానొస్తది. సగం గడ్డి ఇంక కిందనే ఉన్నది.
మేస్త్రి ఎటువోయిండు?"
మేస్త్రి బొమ్మల లేడు.
కూలెంతో కూడ రాసి లేదు.

చేర్యాల పటం విప్పి కథ చెప్పేటోళ్లు
ఏడాదికోపాలి వస్తే ముందటి వరుసల కూసున్న మనిషి అవ్వ.
"మన పటంల ఎవ్వరికీ నీడలుండయ్‌రా.
ఎర్ర నేల మీద నిలవడ్డోళ్లు నిలవడ్డట్టే, పొద్దు గూకదు.
గిండ్ల చూడు,
నీడలు కుప్ప దాటి పోయినయ్.
ఈళ్లకు యాళ్ల లేదు."

మూడో రోజు దుమ్ము దులుపుతుంటే
తుంగ నడుమ, గోరంత,
తడి ఎంటికెల ఆడమనిషి.
"వాళ్ల ఏటి దయ్యం" అన్నడు సారు ఫోన్ల నవ్వుకుంట,
"పాట పాడి మనుషులను లోపలికి గుంజుతదంట."
అవ్వ నవ్వలే.
"దయ్యమెందుకైతది? అక్కమ్మ.
ఏడుగురిల ఒకామె తొవ్వ తప్పి అంత దూరం వోయింది.
గని, కడుపుతోటున్నదాన్ని నీళ్ల పక్కన పనికెవరు పెట్టిండ్రు?"

తెల్లారి షట్టరు లేపి చూస్తే
బొమ్మ గోడ దిక్కు తిరిగి ఉన్నది.
గుడ్డ ఎనుక, సరిగ్గ ఎర్ర రైకామె ఉన్న చోట,
పసుపు. మూడేళ్ల గీత.

నాకు చెమటలు వట్టినయ్.
తడి తగిలి రంగు ఊడితే ఏం చెప్పాలె?
ఎనుక అట్ట పెట్టి మొలలు కొట్టిన,
రెండు వంకర వోయినయ్, పీకి మళ్ల కొట్టిన.
సారు వచ్చి ముందటికెల్లే చూసిండు.
యాభై తక్కువిచ్చిండు.
ఆటోల ఒడిల పెట్టుకొని పోయిండు.

ఆ మాపటికి వాన.
మెట్ల మీద చెయ్యి చాపి చినుకు చూసుకుంట అవ్వ
"కుప్ప అయ్యిందో లేదో" అన్నది.
నేను ఎవరిదో దినాల ఫోటోకు
అద్దం కోస్తున్న.