రెండో బిస్కెట్టు

ఊరి పేరు నేను చెప్పను.
వాళ్ళూ చెప్పలే, 'గ్రామం-ఖ' అని రాసిన్రు.
కాని సిరొంచకు ఎగువన, ప్రాణహిత వంపు తిరిగిన కాడ
ముప్పై ఆరు ఇండ్లు, ఒక్కటే బోరింగు అని కూడ రాసిన్రు.
ఇంక దాచిందేముంది?
గంప కింద కోడిని కమ్మి
కూత దాచినమనుకున్నట్టు.

పుణె నుంచి వైదేహి దాత్యే మేడం వచ్చింది.
చెడ్డది కాదు. ముందే చెప్తున్న.
బానక్క మోకాళ్ళకు తన సంచిల తైలం తనే రాసింది.
వరదకు కూలిన గోడల ముంగట నిలబడి
కండ్లద్దాలు రెండుమాట్ల తుడుచుకున్నది.
నాకు దినానికి ఐదు వందలు.
ఆమె మరాఠీని నేను తెలుగు చెయ్యాలె,
ఊరి తెలుగును మళ్ళ మరాఠీ చెయ్యాలె.

కాగితం మీద ఉన్నది: 'ఇష్టం లేకుంటే ఎప్పుడన్న మానుకోవచ్చు.'
ఆ ఒక్క వాక్యం నేను జల్ది చదివిన.
ఎండ ఎక్కుతున్నది,
ఇంక పంతొమ్మిది బొటనవేళ్ళు మిగిలున్నయి,
డబ్బీల నీలి సిరా ఆరిపోతున్నది.
గట్టయ్య అడిగిండు, "ఇది ఇండ్ల లిస్టుకేనా?"
కాదన్న.
అంత గట్టిగ అనలే.

ఆట ఇది:
పిల్లగాని ముంగట ఒక బిస్కెట్టు.
"నేనొచ్చేదాక తినకుంటే ఇంకోటిస్త."
తలుపు దగ్గరేసి పోవుడు, గడియారం నొక్కుడు.
పోశక్క కొడుకు తలుపు పడకముందే మింగిండు.
శంకరి రెండు ముక్కలు చేసి
ఒకటి నోట్లేసుకున్నది,
ఒకటి గౌను జేబుల దాచింది, తమ్మునికి.
కాగితంల దానికి గడి లేదు.
తిన్నది, ఆగింది. రెండే.
మేడం పెన్ను పైకెత్తి జరసేపు ఊకున్నది,
తర్వాత 'తిన్నది' పక్కన టిక్కు పెట్టింది.
నేను అంచుకు పెన్సిలుతోని రాసిన: తమ్ముడు.
అచ్చుల అది రాలే.

మరాఠీల ఆమె 'సంయమ్' అన్నది.
నేను 'ఓపిక' అన్న.
ఆ మాట కాడ్నే నాకు నిద్ర చెడ్డది.
ఓపిక లేనోళ్ళా వీళ్ళు?
వలేసి తెల్లారేదాక నీళ్ళ మీద కూసునేటోళ్ళు,
తునికాకు పైసల కోసం
మూడు ఎండకాలాలు దర్వాజ దిక్కు చూసినోళ్ళు!

అచ్చైనంక ఒక వాక్యం తెగి నడిచొచ్చింది,
ఏ పుట నుంచో, వెనకాముందు లేకుంట:
'ఈ సమూహంలో ఆత్మనిగ్రహం తక్కువ.'
ముందుగాల ఆశ్రమశాల హెడ్మాస్టరు నోట్ల.
ఆయెనక మేస్త్రి నోట్ల:
"వీళ్ళ చేతుల పైస నిలువదు, చదువుకున్నోళ్ళే రాసిన్రు.
కూలి నెలకొక్కసారే ఇస్త."
ఆఖరుకు తహసీలు ఆఫీసుల, వరద పరిహారం ఫైలు మీద.
పైసలు బ్యాంకుల వేసి ఐదేండ్లకు తాళం పెట్టిన్రు.
వాళ్ళ మంచికేనట.

మేడంకు ఫోన్ చేసిన.
"నేను అట్ల రాయలేదు" అన్నది.
నిజమే, అట్ల రాయలే.
'వరద తర్వాతి పరిస్థితుల్లో' అన్న మాటలు
ఆ వాక్యం ముంగట ఉన్నయి.
ఇంత దూరం నడవలేకపోయినయి.

మొన్న ఆ పుస్తకం పట్టుకపోయి
బోరింగు కాడ కూసోని తెలుగుల చదివిన, పొద్దుగూకేదాక.
ఎవ్వరూ తిట్టలే. తిడితే బాగుండు.
బానక్క మోకాళ్ళు పట్టుకుంట అడిగింది:
"ఏం తేలిందో చెప్ప మళ్ళ వస్తనన్నది గద ఆమె,
రెండేండ్లాయె బిడ్డా.
మేం ఆగినమని ఎక్కడన్న రాసిన్రా?"

పుటలు తిప్పిన. అటు, ఇటు.
శంకరి పక్కకొచ్చి
నా సంచిల చెయ్యి పెట్టి దేవులాడుతున్నది,
ఏం తెచ్చినవని.