లెక్కలో లేని ఆకు

నా పని కుట్టడం కాదు, లెక్కపెట్టడం.
ఫుంషాల్‌లో, రేవుకి ఎగువన, మూడో అంతస్తులో
ఉత్తరపు కిటికీ పక్క బల్ల నాది.
సోమవారాలు కొండ ఊళ్ల నించి మూటలు దిగుతాయి:
నార బట్ట, దానికంటిన అరటితోటల చెమ్మ, కట్టెపొయ్యి పొగ,
ఒక్కోసారి మడతలో చిక్కుకున్న తెల్లవెంట్రుక.

గుడ్డ మీద ముందే నీలంగా అచ్చు కొట్టి పంపిస్తాం.
ఇక్కడ కాడకుట్టు, ఇక్కడ కాజాకుట్టు,
ఇక్కడ బెజ్జం పొడిచి అంచు చుట్టూ దారం బిగించాలి.
నీలం ఎటు పొమ్మంటే సూది అటు పోవాలి.
తిరిగొచ్చాక నేను
బొటనవేలంత ఇత్తడి చక్రాన్ని గీత వెంట దొర్లిస్తాను.
వెయ్యి కుట్లకి ఇంతని.
ఆరు తగ్గితే ఆ ఆరూ కోత.
ఎక్కువైతే ఏం చెయ్యాలో పుస్తకంలో లేదు,
ఎక్కువ కుట్టే మనిషి ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

మార్చిలో, పన్నెండుమందికి పరిచే బల్లగుడ్డ ఒకటి.
చీటీ మీద పేరు జుల్మీరా,
ఊరు పొంతా దో సోల్‌కి పైన, బస్సు మలుపు తిరగని చోటు.
నాలుగో మూలన
చింతాకంత ఆకు.
కింద నీలం లేదు.
కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. లేదు.
నలభై ఒక్క కుట్లు.

దారం తూచి ఇస్తాం, మిగిలింది తూచి తీసుకుంటాం;
చేతివాటం ఉన్నవాళ్లు ఉంటారు మరి.
తూకం సరిపోయింది.
అంటే ఈ ఆకు తన ఇంటి దారంతో కుట్టింది.
ఇదేం చేతివాటం,
పట్టుకుపోవడం కాదు, పెట్టిపోవడం!

ఫెలిజ్‌బెలా ఒక్క చూపు చూసి
'విప్పేయ్' అంది.

విప్పడం కుట్టడం కన్నా నిదానం.
గుడ్డ తిరగేస్తే ఎక్కడా ముడి లేదు,
దారం తోకని మిగతా కుట్ల కిందికి దూర్చి దాచింది,
వీపు కూడా ముఖంలాగే ఉంది.
సూదిమొనతో ఎత్తి, ఎత్తి, లాగాను.
పోగులు నా గౌను మీద రాలాయి.
అయిపోయాక కిటికీకి అడ్డం పట్టి చూస్తే
బట్టలో నలభై ఒక్క చోట్ల వెలుగు:
ఆకు అక్కడే ఉంది.
ఉతుకులో పూడిపోతుందిలే అన్నారు.
పూడిందో లేదో, అది ఓడెక్కి వెళ్లిపోయింది.

ఏప్రిల్‌లో దిండుగలీబు. ఆకు.
మేలో ఆరు చేతిరుమాళ్లు. ఐదింట్లో ఏమీ లేదు, ఆరోదాంట్లో ఆకు.
నేను చక్రం ఆపేసి
కిందికి, ఉతికే గదికి నేనే మోసుకెళ్లాను.
వేడినీళ్లలో నీలం పొగలా కదిలి కరిగిపోయింది.
తెల్లగా తేలిన గుడ్డలో
చెప్పింది ఏది, చెప్పనిది ఏది
అచ్చు గీసినవాడొచ్చినా చెప్పలేడు.

తర్వాత చేసిన పని నా తెలివితక్కువ.
జీతాల కవర్లు కట్టే రోజు
ఆమె లెక్కలో నలభై ఒకటి కలిపాను.
ఏడు సెంట్లు.
ఎవరికీ చెప్పలేదు; చెప్పుకునేంత సొమ్మూ కాదు.
అయినా ఆ రాత్రి
ఏదో ఘనకార్యం చేసినదానిలా కడుపునిండా తిని పడుకున్నాను.

సోమవారం, వాన్ నడిపే అడెలీనో
నా బల్ల మీద గుడ్డపేలిక మూట ఒకటి పెట్టాడు.
'జుల్మీరా ఇచ్చింది. ఇది మీది కాదు,
దానికి మీరెందుకివ్వడం అని చెప్పమంది.'
'దేనికని అడగలేదా?'
'అడిగాను. నీకెందుకంది.'
ఇంకో మూట దింపడానికి వెళ్లిపోయాడు.

మూట ఊపితే గలగలమంది.
రెండు చిన్న నాణేలు, ఐదూ రెండూ అయ్యుండాలి.
ముప్పై ఏళ్లుగా ఆమె కుట్టు వెనక
ఒక్క ముడి చూడలేదు నేను.
ఇక్కడ మాత్రం
పళ్లతో లాగి బిగించినట్టుంది, పేలిక కొసలు చిట్లేంత ముడి.

సొరుగులో, వంగిన సూదుల పక్కన ఉంది.
ఇంకా విప్పలేదు.
విప్పమని ఎవరూ చెప్పలేదు కూడా.