వృత్తి: ఖాళీ

జనాభా లెక్కల పుస్తకంలో
పదిహేడో వరుస నీది, ముత్తవ్వా.
సిగుర్లౌగ్ అన్న పేరు సగమే రాశాడు.
వయసు రెండేళ్లు తక్కువ.
చదువు: రాదు.
వృత్తి: ఖాళీ.

ఇంగ్లీషులో అడిగి ఉంటాడు గుమాస్తా.
చేతులకంటిన చేప పొలుసు దులుపుకుంటూ
అడ్డంగా తల ఊపి ఉంటావు.

అంతకు ఐదేళ్ల ముందు, విన్నిపెగ్ సరస్సు ఒడ్డుకు
మీ వెనకే మశూచి దిగింది.
చర్చి మరణాల పుస్తకంలో మీ గడప నుంచి ముగ్గురు.
ఆఖరిది "ఆడశిశువు". అంతే.

పట్టా నీ మొగుడి పేర.
మంచు విరిగి ఆయన మునిగాక, కొడుకు పేర.
నీ జాడ వెతికి నా కళ్లు కాయలు కాశాయి.

నిన్న రగ్నా అత్త ఇచ్చిన పెట్టెలో,
ఉన్ని దువ్వెనల కింద, పిండి కొట్టు రసీదులు.
తిప్పితే, చీమల బారులా నీ రాత.
మన ఐస్‌లాండు భాషలో:

"మంచు తుఫాను. స్టెయిన్‌వోర్‌కి మగపిల్లాడు. కాళ్లు ముందొచ్చాయి. ఇద్దరూ బతికారు."
"ఏటవతలి క్రీ ఆవిడకి కవలలు. రక్తం ఆగడానికి ఏ బెరడు కాచాలో ఆవిడే నాకు చెప్పింది."
"కూలి అర బస్తా బంగాళాదుంపలు. ఇంకా ఇవ్వలేదు."

అరవై ఒక్క కాన్పులు.
నడుమ ఒకటి, తేదీ లేదు:
"నాది. బొడ్డు నేనే కోసుకున్నాను. పేరు హల్లా."

పేరుంది.
ఎవరూ అడగలేదు, అంతే.

పెన్సిల్ చెక్కి
ముందు హల్లా అని రాశాను.
తర్వాత రాత్రంతా రసీదులు తిరగేశాను.
ఆ దుంపలు ఇచ్చారో లేదో
ఎక్కడా లేదు.