కిందినుంచి మూడో పేరు

ముప్పై ఒక్కేళ్ళు లీట్రిమ్ వానలో
ఉత్తరాలు మోసినవాణ్ణి.
హార్ప్ బొమ్మ వేసిన సర్కారు కవరు
ఏ గడపకు ఎంత మందాన వెళ్ళిందో
నా వేళ్ళకు తెలుసు,
నా నోటికి తెలియదు.
ఉద్యోగమంటే అదే.

ఇప్పుడు డబ్బు తిన్నగా బ్యాంకుకు పోతోంది,
పేర్లు మాత్రం గోడకెక్కాయి.
ఫింటన్ దాణా కొట్టులో
గొర్రెల మందు డబ్బాల పైన
నాలుగు కాగితాలు, నాలుగు మేకులు:
మా పారిష్‌లో సేద్యం పేరిట
ఎవరికి ఎంత ముట్టిందో.

మంచిదే అన్నాను.
జనం సొమ్ముకు జనం ముందే లెక్క.
ఇవాళా అదే అంటాను.
కాకపోతే ఆ శనివారం
కొట్టులో నిలబడి విన్నాను.

"అట్రాక్టా గకియన్. పంతొమ్మిది వందల పద్నాలుగు యూరోలు!"
వేలు పెట్టి చదివారు. మళ్ళీ చదివారు.
"ఉన్నది పదకొండు ఎకరాలు, అదీ తుంగ.
తుంగక్కూడా ఇస్తారా?"
"కొత్త కోటు ఎక్కడిదా అనుకున్నా."
(ఆ కోటు పోయిన అక్కది.
పార్సిల్ చేతికిచ్చింది నేనే.)

అన్నిటికన్నా పైన ఒక కంపెనీ.
మనిషి పేరు కాదు, మూడక్షరాలు, ఒక చుక్క.
దాని ఎదుటి అంకె
ఎవరూ పైకి చదవలేదు,
కామా దాకా వచ్చి చూపు దించేశారు.
పంతొమ్మిది వందలంటే అందరికీ తెలుసు:
ఒక దూడ, లేదా సగం పైకప్పు,
లేదా ఒక చలికాలపు మేత.
ఆ పై అంకెతో ఏం కొంటారు?
అసూయకు సైతం కొలత కావాలి కాబోలు,
నిచ్చెన అందే గోడ మీదికే
రాళ్ళు విసురుతాం.

ఆ కంపెనీకి కొండవాలున కంచె ఉంది,
కంచె వెనక గడ్డి ఉంది,
గడ్డి మేసే నోరు మాత్రం
ఇన్నేళ్ళలో నా కంటబడలేదు.
చిరునామా డబ్లిన్‌లో ఓ తలుపు.

మంగళవారం అట్రాక్టా వచ్చింది.
గొర్రెలు నాకే ఉప్పుగడ్డ ఒకటి అడిగింది.
మాటలన్నీ ఒక్కసారి టీకప్పుల్లోకి దూరాయి.
గోడ చూసింది. కళ్ళజోడు మార్చుకుని
మళ్ళీ చూసింది.
ఫింటన్ చెవి మీది పెన్సిల్ అడక్కుండానే తీసి
తన పేరు పక్కన చీమల బారులా రాసింది:
కంచె గుంజలు, మూడు వందల నలభై.
పశువుల డాక్టరు, రెండుసార్లు. రెండోసారి దూడ దక్కలేదు.
కాలవ పూడిక తీసిన మాలకీ కొడుక్కి కూలి.
డీజిల్. మేత. మళ్ళీ మేత.
చివర అరవై రెండు మిగిలింది.
కొవ్వొత్తులు, కేకు అని రాసి
కేకు కొట్టేసి
కాసేపాగి
మళ్ళీ కేకు అని రాసింది.

ఆపైన పెన్సిల్‌కు గడ్డిమోపు తాడు కట్టి
పై మేకుకు వేలాడదీసింది.
"ఇంకెవరికైనా కావాలేమో."
ఉప్పుగడ్డ చంకన పెట్టుకుని
వానలోకి వెళ్ళిపోయింది.

నెల దాటింది.
మాలకీ రాశాడు.
మెక్‌మోరో అన్నదమ్ములు ఒకరి లెక్క ఒకరు దిద్దుతూ,
తిట్టుకుంటూ రాశారు.
కింది వరసల్లో చోటు చాలక
అక్షరాలు సున్నం మీదికి పాకాయి.
కోటు మాట ఎత్తినాయన
అందరూ వెళ్ళాక వచ్చి రాశాడట.

పై వరస పక్కన
కాగితం ఇంకా తెల్లగానే ఉంది.

నిన్న చూశాను, పెన్సిల్ మొద్దుబారితే
ఫింటన్ చాకుతో చెక్కుతున్నాడు.
మొన కాస్త పొడుగ్గా చెక్కాడు,
పెద్ద లెక్క ఏదో
రావలసి ఉన్నట్టు.